పల్లపు చేలో చైన్ల బండి

ఆ ఏడు ఆషాఢంలో దమ్ము చేస్తుండగా మా చిన్న ట్రాక్టరు పల్లపు చేలో ఇరుసు దాకా దిగబడిపోయింది. నాన్న యాక్సిలరేటరు ఎంత నొక్కినా వెనక చక్రాలు ఉన్నచోటే తిరుగుతూ ఇంకాస్త లోతుకి పోతున్నాయి తప్ప బండి కదలడం లేదు. మా చిన్నాన్న గోపీకృష్ణ గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆపన్నయ్యా. ఇంకాస్త నొక్కేవంటే స్టీరింగు కూడా కనపడదు," అన్నాడు.

కొబ్బరితోటలో చెట్ల వరసల మధ్య దున్నడానికి కొన్న బుల్లి ట్రాక్టరు అది. తోటలో బాగానే తిరిగేది. పల్లపు చేను సంగతి వేరు. మురమళ్ళకి దిగువన, డ్రెయినుని ఆనుకుని, నాన్నకీ చిన్నాన్నకీ ఉమ్మడిగా ఉన్న రెండెకరాలు. డ్రెయిను పూడిపోయి నీళ్ళు దిగక, ఏడాదికేడాదికీ ఆ నేల మెత్తబడుతూ వచ్చింది. మూడు పక్కలా ఉన్న చేలు అప్పటికే రొయ్యల చెరువులైపోయాయి. నాలుగో పక్క డ్రెయిను.

ఆ చెరువులన్నీ లీజుకి చేస్తున్నది సత్యదుర్గారావుగారు. మా అవస్థ చూసి, తన చెరువులో మట్టి తీస్తున్న పొక్లెయిన్ని ఆయనే పంపించారు. అంత పెద్ద యంత్రం గట్టు దిగి, మా ట్రాక్టరు కూరుకుపోయిన బురదలోకే మెల్లగా నడిచి వచ్చింది. గొలుసు తగిలించి మా బండిని బయటికి లాగేసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది. బురదలో దాని చైన్ల అచ్చులు పడ్డాయి, అంతే. అవి జానెడు లోతు కూడా లేవు.

నాన్న లుంగీ పైకి కట్టుకుని ఆ అచ్చుల పక్కన వంగి, చెయ్యి పెట్టి చూశాడు.

"అమ్మడూ, అది మన బండికి ఎన్నింతలు బరువుంటుంది?"

"చాలా రెట్లు ఉంటుంది నాన్నా."

"మరి దిగబడలేదే?"

"బరువంతా చైను పొడుగునా పరుచుకుంటుంది. మనదానికి మొత్తం చక్రం కింద ఒక్కచోటే పడుతుంది."

"అయితే మనదానికీ అలాంటి చైన్లు కట్టలేమా?"

"కట్టొచ్చేమో," అన్నాను. ఆ చివరి 'ఏమో' నాన్న చెవిన పడలేదు.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, జొన్నాడలో హైవే పక్కన ట్రాక్టరు తొట్లు కట్టే షెడ్డులో పనిచేసేదాన్ని. ఆ వేసవిలో యజమాని షెడ్డు మూసేశాడు. వేరేచోట పని దొరికేదాకా ఇంట్లోనే ఉన్నాను.

మా ఇంట్లో అప్పటికి వంట ఒక్కటే. అమ్మా, ప్రసన్నకుమారి పిన్నీ కలిసి వండేవారు. ఆ మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే కూర్చుని భోంచేస్తుండగా చిన్నాన్న అసలు మాట తీశాడు.

"సత్యదుర్గారావుగారు మళ్ళీ అడిగేరన్నయ్యా. మన రెండెకరాలూ కలిస్తే ఆయనకి చెరువు చదరంగా వస్తుందంట."

"చెరువు తవ్విన నేల మళ్ళీ చేనవ్వదురా. ఉప్పు దిగిపోద్ది."

"ఇప్పుడేదో చేనులా ఉన్నట్టు. పోయినేడు కోసిన పనలు నీళ్ళలోనే మొలకలెత్తేసేయి. ముందటేడూ అంతే. కోత మిషను దిగదు, ట్రక్కు దిగదు, మోసేవాళ్ళు దొరకరు. నీకు ఆ నీళ్ళతో పోట్లాడ్డం అలవాటైపోయింది. నాకింక ఓపిక లేదు."

నాన్న పెరుగన్నం కలుపుకున్నాడు.

"ఈ ఒక్క సార్వా పంట చూడు. పంట మొత్తం గట్టెక్కిస్తాను. ఒక్క పన నీళ్ళలో మిగిలినా నువ్వన్నట్టే చెరువుకిచ్చేద్దాం."

"మొత్తం గట్టెక్కిస్తే?"

"మళ్ళీ ఎప్పుడూ చెరువు మాట ఎత్తకూడదు."

"సరే."

"ఊళ్ళో వాళ్ళు కాయితాలు రాసుకుంటారు, మీరేమో పెరుగన్నం మీద ఒప్పుకుంటున్నారు," అని పిన్ని నవ్వింది. అన్నదమ్ములు కూడా నవ్వారు. వాళ్ళ మధ్య అప్పటికి ఆ మాత్రం పంతాలు మామూలే.

ఆ మర్నాటి నుంచి నాన్న నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. వెనక టైర్లు తీసేసి, వాటి స్థానంలో పళ్ళున్న ఇనుప చక్రాలు వెయ్యాలి. వాటికి ముందు, ఇరుసు నుంచి ఒక దూలం వేలాడదీసి దానికి చిన్న చక్రాలు బిగించాలి. ఈ రెంటినీ చుట్టి వచ్చేలా ఇనుప పలకలతో చైను అల్లాలి. ముందు చక్రాలు మామూలువే ఉంటాయి. మలుపు తిప్పాలంటే ఆ పక్క బ్రేకు తొక్కితే చాలు, ట్రాక్టరుకి కుడి ఎడమలకి బ్రేకులు విడివిడిగా ఉంటాయి కాబట్టి. నేను గీసిన బొమ్మ పట్టుకుని నాన్న మండపేట వెళ్ళి, రైస్ మిల్లుల్లో తీసిపారేసిన బేరింగులూ, చానలు ముక్కలూ పాత ఇనుము కొట్లో ఏరి ఆటోలో వేసుకొచ్చాడు.

పని జగ్గయ్యగారి వెల్డింగు షెడ్డులో మొదలైంది. ఆయన గేట్లూ, చెరువుల్లో గాలి కొట్టే మిషన్లకి ఫ్రేములూ కడతాడు. బొమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయ్, చెయ్యొచ్చండి. కాకపోతే ఇలాంటిది నేనెప్పుడూ చెయ్యలేదండి," అన్నాడు.

"నేనూ చెయ్యలేదండి," అన్నాను.

"అయితే ఇబ్బంది లేదండి. తప్పయితే ఇద్దరిదీని."

తప్పులు వరసగానే జరిగాయి. పలకలకి గొట్టం ముక్కలు వెల్డు చేసి, వాటిలోంచి కడ్డీలు దూర్చి మడత బందుల్లా కలిపాం. మొదటిసారి తోటలో నడిపితే మలుపు దగ్గర చైను జారి పక్కకి పడిపోయింది. మళ్ళీ ఎక్కించి నడిపితే కడ్డీలు వంగిపోయాయి. నేను లెక్క వేసిన పళ్ళకీ, జగ్గయ్యగారు కోసిన పలకలకీ ఎడం కుదరక చైను ఎగిరెగిరి పడేది. మా తోట నుంచి వచ్చే ఆ చప్పుడుకి రోడ్డున పోయేవాళ్ళు బళ్ళు ఆపి చూసేవారు. మిగిలిన దమ్ము అద్దె ఎద్దులతో చేయించి నాట్లు వేయించాం. బండికి శ్రావణమంతా కట్టడం, విప్పడంతోనే గడిచింది.

చిన్నాన్న మొదట్లో దూరంగానే ఉన్నాడు. పొద్దున్నే కొబ్బరి దింపుకి మనుషుల్ని పెట్టి, పని చూస్తున్నట్టు అటే తిరుగుతూ ఓ కన్ను మా మీద వేసేవాడు. ఒకరోజు కడ్డీ మళ్ళీ వంగిపోయి, నాన్నా జగ్గయ్యగారూ నేలమీద చతికిలబడి ఉండగా దగ్గరికొచ్చి, ఆ కడ్డీ తీసి చేతిలో ఆడించాడు.

"ఇదేంటి, గేటుకి వేసే కడ్డీయా? దీనికి ఆగుద్దా? లారీ బరువు మోసే కమాన్లకి వేసే బోల్టులుంటాయి, అవి వెయ్యండి. వంగవు."

చిన్నాన్న పెళ్ళికి ముందు మండపేట మిల్లులకి ధాన్యం లారీ నడిపాడు.

"ఇంకా చైను వదులుగా ఉందే అమ్మడూ. ముందు చక్రాన్ని జరిపి బిగించుకునేలా ఓ మర పెట్టు. బిగుతు లేకపోతే ఎన్నిసార్లెక్కించినా పడిపోద్ది."

"నీకెందుకురా, చెరువుకిచ్చేసేవాడివి," అన్నాడు నాన్న.

"ఇచ్చేదాకా చేను నాదీ కదా," అని చిన్నాన్న చొక్కా విప్పి కొబ్బరిమట్ట మీద పడేశాడు.

అప్పటి నుంచి ముగ్గురు కాస్తా నలుగురం అయ్యాం. లారీ బోల్టులు పట్టుకొచ్చింది చిన్నాన్నే. చైను బిగించే మర దగ్గర జగ్గయ్యగారితో రోజంతా వాదించిందీ చిన్నాన్నే. సాయంత్రాలు ఇంటికొచ్చి చేతులకంటిన గ్రీజు కొబ్బరిపీచుతో తోముకుంటూ మర్నాటి పని గురించి మాట్లాడుకునేవారు. అమ్మ ఒకసారి పిన్నితో, "పెళ్ళై వచ్చిన కొత్తలో చూసేను వీళ్ళిద్దర్నీ ఇలా," అంది.

వినాయక చవితి వెళ్ళాక డ్రెయిను పక్కన బురదలోకి బండి దింపాం. చిన్నాన్న తానే ఎక్కుతానన్నాడు. చైన్లు చప్పుడు చేసుకుంటూ బురద మీదికి వెళ్ళాయి, మునగలేదు. చిన్నాన్న అవతలిదాకా పోయి, బ్రేకు తొక్కి, ఉన్నచోటే గిర్రున తిప్పి వెనక్కి తెచ్చాడు. గట్టెక్కి ఇంజను ఆపకుండానే, "అన్నయ్యా, ఇంకోసారి వెళ్ళొస్తానే," అన్నాడు. నలభై దాటిన మనిషి. నాన్న చెయ్యి ఊపాడు.

రెండోసారి మధ్యలో ఆగిపోయింది. చైను పైన చేతులూ బట్టలూ పడకుండా రెండు పక్కలా ముందే రేకు మూతలు బిగించాం. ఆ రేకుకీ చైనుకీ మధ్య బురద కూరుకుపోయి గట్టిగా పట్టేసింది. ఎంత చిమ్మినా మళ్ళీ చేరుతోంది. చివరికి చిన్నాన్నే స్పానరు తీసుకుని రెండు మూతలూ విప్పేశాడు.

"కోతలయ్యేక మళ్ళీ బిగిద్దాం. అప్పటిదాకా దగ్గరికెళ్ళేవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే సరి," అన్నాడు.

అందరం సరేనన్నాం. మూతలు తీసేశాక బండి మళ్ళీ ఎక్కడా ఆగలేదు.

కార్తీకంలో పంట కోతకొచ్చిన వారంలోనే తుఫాను పట్టింది. మూడు రోజుల వాన. స్వర్ణ రకం వేశాం, నిండుగా కంకులేసి బరువుకి అప్పటికే వంగి ఉంది. వాన వెలిశాక వెళ్ళి చూస్తే చేనంతా ఒక పక్కకి పడిపోయి, మోకాలి లోతు నీళ్ళలో పరుచుకుని ఉంది. మెరక చేలవాళ్ళే తలలు పట్టుకుని కూర్చున్నారు. మాది పల్లపు చేను.

నాన్న కూలీల కోసం మూడు ఊళ్ళు తిరిగాడు. నీళ్ళలో నిలబడి కొయ్యడానికి ఒప్పుకున్నారు కానీ, అంత దూరం తడి పనలు మొయ్యం అన్నారు.

"మొయ్యక్కర్లేదమ్మా, కోసి నావలో పడెయ్యండి చాలు," అన్నాడు నాన్న.

ఆ నావ ఆలోచన కూడా చిన్నాన్నదే. చెరువుల్లో రొయ్యలకి మేత చల్లే అడుగు చదునైన నావని సత్యదుర్గారావుగారి దగ్గర అడిగి తెచ్చాడు. ట్రాక్టరు వెనక తాడుతో కడితే, పనలు నింపుకుని నీళ్ళ మీదా బురద మీదా జారుతూ వస్తుంది.

అలాంటి కోత ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. ముందు చైన్ల బండి, వెనక వరి పనలు నిండిన నావ, దాని పక్కన నడుస్తూ చిన్నాన్న. గట్టు చేరగానే అమ్మా, పిన్నీ, నేనూ పనలు అందుకుని తోట మెరకలో ఆరబెట్టేవాళ్ళం. జనం చెరువు గట్ల మీద నిలబడి ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. సత్యదుర్గారావుగారు మోటారుసైకిలు ఆపి చాలాసేపు చూసి, "సూర్యారావుగారండి, ఈ పొలం నాకింక దక్కదన్నమాట," అని నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. నాన్న అంత తేలిగ్గా నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

గడ్డితోనే చిక్కంతా. తడి గడ్డి పళ్ళ చక్రానికి చుట్టుకుని అప్పుడప్పుడూ చైను పట్టేసేది. చుట్టుకున్నప్పుడల్లా చిన్నాన్న కొడవలితో కోసి, చేత్తో లాగేసేవాడు. ఇంజను ఆపితే ఆ నీళ్ళ మధ్య బ్యాటరీ మళ్ళీ అందుకునేది కాదు, అందుకని నాన్న గేరు తీసేసి కూర్చునేవాడు. గేరు ఒక్కోసారి బిగుసుకుపోయి రాకపోతే క్లచ్చి తొక్కిపెట్టి ఉంచేవాడు. రెండు రోజులు అలాగే నడిచింది.

మూడోరోజు మధ్యాహ్నానికి చేలో ఓ మూల మాత్రమే మిగిలింది. నావ నింపుకుని వస్తుండగా కుడిపక్క చక్రానికి గడ్డి చుట్టుకుంది. చిన్నాన్న వంగాడు. నాన్న వెనక్కి తిరిగి చూస్తూ క్లచ్చి మీద కాలు పెట్టుకుని ఉన్నాడు. పాదానికంతా బురద. ఆ కాలు జారింది. బండి ఒక్క మూర ముందుకి కదిలి ఆగిపోయింది.

గట్టు మీద నుంచి నాకు కనపడింది అంతే. ఇంజను కూడా ఆగింది. చిన్నాన్న ఎప్పటిలా ఉన్న గొంతుతో, "వెనక్కి తిప్పొద్దన్నయ్యా. అమ్మడిని పిలు. బోల్టు తీస్తే చైను విడిపోద్ది," అన్నాడు.

స్పానరు పట్టుకుని నీళ్ళలో పరిగెత్తాను. లారీ బోల్టు అంత తొందరగా రాలేదు. నేను తిప్పుతున్నంతసేపూ చిన్నాన్న, "కంగారు పడకు, నీ చెయ్యి జాగ్రత్త," అంటూనే ఉన్నాడు. నాన్న ఆయన్ని వెనకనుంచి రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

ముందు అమలాపురం తీసుకెళ్ళాం. అక్కడివాళ్ళు కాకినాడ పంపించారు. కుడిచేతి నాలుగు వేళ్ళూ తీసేశారు. బొటనవేలు నిలిచింది.

రెండో రోజు పొద్దున్న డాక్టరు చుట్టూ జూనియర్లతో వచ్చి, ఎలా జరిగిందని అడిగాడు.

"నా వల్లేనండి," అన్నాడు చిన్నాన్న. "గడ్డి తీసేసేననుకుని పోనియ్యమన్నానండి. నా మాట విని అన్నయ్య క్లచ్చి వదిలేడు."

మంచం పక్కన నిలబడ్డ నాన్న తల అడ్డంగా ఊపాడు. "లేదండి. వాడేం అనలేదు. నా కాలు జారింది."

"అన్నాను. ఇంజను చప్పుడులో నీకు గుర్తుండి ఉండదు."

డాక్టరు ఇద్దర్నీ చూసి, కట్టు విప్పించి తన పనిలో పడ్డాడు. ఆయన వెళ్ళాక చిన్నాన్న నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఆ మూలది ఏమైంది? అలాగే ఉండిపోయిందా?"

ఉండిపోలేదు. మేము ఆటోలో వెళ్ళిపోగానే కూలీలూ, ఊళ్ళోవాళ్ళూ, సత్యదుర్గారావుగారి చెరువుల మీద పనిచేసేవాళ్ళూ దిగి, నావని చేతులతో తోసి, మిగిలినది నెత్తి మీద మోసి గట్టెక్కించారట. అమ్మ ఫోనులో చెప్పింది. అదే చిన్నాన్నకి చెప్పాను.

"ఒక్క పన కూడా వదల్లేదా?"

"వదల్లేదంట."

"అయితే మీ నాన్నే గెలిచేడు. నేను చెరువు మాట ఎత్తనని చెప్పు."

నాన్న వరండాలో బెంచీ మీద ఉన్నాడు. వెళ్ళి చెప్పాను. విన్నాడు. "వాడు నన్ను తిట్టినా బాగుండేది," అన్నాడు.

ఇంటికొచ్చాక చిన్నాన్న చెంచాతో, ఎడమచేత్తో అన్నం తినడం మొదలుపెట్టాడు. పప్పన్నం ముద్దలు చేసి గోంగూర నంజుకుని, కంచం ఊడ్చినట్టు తినే మనిషి. ఇప్పుడు పిన్ని కలిపి పెడితే, చెంచా కంచానికి తగిలి టింగుమంటుంటే తలొంచుకుని తినేవాడు. ఆ చప్పుడుకి నాన్న ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపేసేవాడు. కొన్నాళ్ళకి నాన్న భోజనం వేళ మారింది. తోటలో పనుందనేవాడు, చిన్నాన్న తిని లేచాక వచ్చేవాడు.

చిన్నాన్న మాత్రం మేము అనుకున్నంతగా కుంగిపోలేదు. సంక్రాంతి ముందు కాలవలకి దాళ్వా పంట నీళ్ళొదిలారని తెలిసినరోజు ఉత్సాహంగా నన్ను కూర్చోబెట్టుకున్నాడు.

"రేకు మూతల సంగతి చూడవే. కిందవైపు తెరిచి వదిలేస్తే బురద జారిపోద్దేమో. తెరుచుకునేలా బిజాగిరీ పెట్టు. గడ్డి తియ్యడానికి ఓ పొడుగాటి కొక్కెం చేయిద్దాం. ఈసారి ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు."

"నువ్వు మళ్ళీ చేలోకి దిగుతావా చిన్నాన్నా?"

"దిగకపోతే ఎలా? నారు పొయ్యాలి కదా. స్టీరింగుకి ఓ పిడి వెల్డింగు పెట్టించు, ఎడమచేత్తో తిప్పుకుంటాను."

చెరువుకిచ్చేద్దామన్న మనిషి ఈయనేనా అనిపించింది. ఎప్పుడు మారాడో నాకు తెలీదు. బహుశా డ్రెయిను పక్కన రెండోసారి వెళ్ళొస్తానన్న రోజే మారిపోయి ఉంటాడు. ఈ సంగతి ఆయన నాతో అన్నాడు, పిన్నితో అన్నాడు. ఎదురుగా వంటింట్లోనో తోటలోనో ఉన్న అన్నతో అనలేదు. చెప్పక్కర్లేదు, తెలిసిందే అనుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత సత్యదుర్గారావుగారు మా వీధిలోంచి వెళుతుంటే నాన్న గేటు దగ్గరికెళ్ళి ఆపాడు.

"మీ చెరువుల్లో మళ్ళీ మట్టి ఎప్పుడు తీయిస్తున్నారండి?"

"ఈ నెలాఖరుకనుకుంటున్నానండి."

"మాదీ కలిపేసుకోండి. మనుషుల్ని పంపండి."

ఆయన బండి స్టాండు వేశారు. "గోపీకృష్ణగారు ఏమన్నారండి?"

"వాడు అడిగిందే కదండి."

చిన్నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ మాటలు ఆయనకి వినపడ్డాయి. నాకూ వినపడ్డాయి. నాన్న లోపలికొచ్చి కుండలో నీళ్ళు ముంచుకుని తాగి, తోటలోకి వెళ్ళబోతుంటే చిన్నాన్న అడిగాడు.

"నేను ఇప్పుడు అడిగేనా?"

"లేదు."

"మరి?"

"ఆ చేలోకి నేను దిగలేనురా."

"నేను దిగుతాను."

"నువ్వు దిగితే నేను చూడలేను."

చిన్నాన్న తన కట్టు వైపు చూసుకున్నాడు. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టే అడిగాడు.

"అయితే నా చెయ్యి దేనికి పోయినట్టన్నయ్యా?"

నాన్న గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "ఆస్పత్రిలో నువ్వు అలా చెప్పకుండా ఉండాల్సింది."

"ఏం చెప్పేను?"

"పోనియ్యమన్నానని."

"అన్నాను."

"అనలేదురా."

నాన్న తోటలోకి వెళ్ళిపోయాడు. అమ్మా, పిన్నీ వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నారు.

చేను ఉమ్మడిది కాబట్టి లీజు కాయితం మీద చిన్నాన్న కూడా సంతకం పెట్టాలి. పెట్టనంటే ఆగిపోయేది. పిన్ని అదే చెప్పింది ఆయనతో. "పెట్టకండి. పెట్టకపోతే బావగారే నెమ్మదిస్తారు."

"అన్నయ్య అటు కన్నెత్తి చూడలేనంటుంటే నేను ఆ చేను ఉంచుకుని ఏం చేసుకోను," అన్నాడు చిన్నాన్న. ఎడమచేత్తో వంకరటింకరగా పెట్టాడు. తమ్ముడు కోరుకున్నదే ఇస్తున్నాననుకుని నాన్న ఇచ్చాడు. అన్న కోసమని చిన్నాన్న ఒప్పుకున్నాడు. ఆ కాయితం మీద ఇద్దరిలో ఎవరికీ ఇష్టం లేదు.

మాఘంలో వంటిల్లు వేరయ్యింది. దెబ్బలాట ఏమీ లేదు. పిన్ని ఒక పొద్దున్న తన వాటా గదిలో గ్యాసు పొయ్యి పెట్టుకుని, "ఆయనకి వేళకి పెట్టడం అక్కడైతే సులువు అక్కా," అంది. అమ్మ ఆవకాయ జాడీ ఎత్తుకెళ్ళి అక్కడ పెట్టి వచ్చింది. పంపకాల్లో చిన్నాన్న ఒక్కటే అడిగాడు, చైన్ల ట్రాక్టరు. నాతో కబురంపాడు. "తీసుకెళ్ళమను," అన్నాడు నాన్న, నావైపు చూడకుండా.

ఇది జరిగి మూడేళ్ళవుతోంది. నేను మళ్ళీ జొన్నాడలో వేరే షెడ్డులో చేరాను. కోతలప్పుడు సెలవు పెట్టి వస్తాను, చిన్నాన్న దగ్గర పనికి. డ్రెయినుకి అవతల ఎవరిదో పల్లపు చేను కౌలుకి తీసుకున్నాడు. బండికి నేను కట్టిన మూతలు కింద తెరిచి ఉంటాయి. బురద దానంతటదే జారిపోతుంది. స్టీరింగుకి పిడి ఉంది. చిన్నాన్న ఎడమచేత్తో నడుపుతాడు. గడ్డి పట్టినప్పుడు ఇంజను ఆపేస్తాడు, ఎంత ఆలస్యమైనా సరే. తన చేను అయ్యాక నీళ్ళలో చిక్కుకున్న ఎవరు పిలిచినా వెళతాడు. ఆ బండి మా వీధిలోంచి పోతున్నప్పుడు నాన్న రేడియో పెట్టుకుంటాడు.

మొన్న కార్తీకంలో మళ్ళీ వాన పట్టింది. చిన్నాన్న చేలో పనలు నావలో తెస్తున్నాం. మధ్యాహ్నం ఇంజను ఆపి, కొక్కెంతో గడ్డి లాగి, మళ్ళీ స్టార్టు చేయబోతే పట్టుకోలేదు. బ్యాటరీ దిగిపోయిందనుకున్నాం. మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. నావలో పనలు తడుస్తున్నాయి. ఓ కూలి కుర్రాణ్ణి బండెక్కించి, చిన్నాన్న వంగి వైర్లు చూస్తున్నాడు. నేను నావ దగ్గర మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాను.

తలెత్తేసరికి నాన్న రోడ్డు మీద ఉన్నాడు. సైకిలు కల్వర్టుకి ఆనించి, మావైపే చూస్తున్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలీదు. నేను చూస్తుండగానే గట్టు దాకా నడిచి వచ్చాడు. చెప్పులు విప్పాడు. లుంగీ మోకాళ్ళ పైకి ఎత్తి కట్టుకున్నాడు.

చిన్నాన్న ఆయనకి వీపు పెట్టి ఉన్నాడు.

"చిన్నాన్నా," అన్నాను.

అప్పుడే ఇంజను అందుకుంది. పొగ కక్కుకుంటూ మోగిపోయింది. నా పిలుపు ఆయనకి వినపడలేదు. చెయ్యెత్తి, బండి మీది కుర్రాడికి ఏదో సైగ చేస్తున్నాడు. చైన్లు కదిలాయి. నావ తాడు బిగిసింది. దానితోపాటు నేనూ కదలాల్సి వచ్చింది. నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే నాన్న అక్కడే, గట్టు అంచున నిలబడి ఉన్నాడు. మేము అవతలి మెరక చేరి మళ్ళీ చూసేసరికి సైకిలు లేదు.

ఆ సంగతి చిన్నాన్నకి చెప్పాను. ఖాళీ రోడ్డు వైపు ఒకసారి చూశాడు.

"దిగలేదా?"

"దిగబోయేడు. బండి కదిలిపోయింది."

"ఇంజను ఇంకాసేపు అందుకోకపోయినా బాగుండేది," అని, నావ ఖాళీ చెయ్యడానికి వంగాడు.

సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి నాన్న పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని కాళ్ళు కడుక్కుంటున్నాడు. మడమలూ వేళ్ళ సందులూ కొబ్బరిపీచుతో తోముతున్నాడు. అమ్మ తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇంతసేపు ఎక్కడికెళ్ళేరు?" అంది.

"ఎక్కడికీ వెళ్ళలేదు," అన్నాడు నాన్న.

ఆయన కాళ్ళకి బురద లేదు. కడుగుతూనే ఉన్నాడు.